టైప్ కాస్టింగ్: సురక్షిత ప్రత్యామ్నాయాలు

ఒక విలువ ఫలానా రకానిదేనని ప్రోగ్రామర్ తన పూచీ మీద కంపైలర్‌ను ఒప్పించడమే టైప్ కాస్టింగ్. ఆ మాట తప్పని తేలితే ప్రోగ్రాం నడుస్తుండగానే కూలుతుంది. మార్టిన్ ఒడెర్‌స్కీ రూపొందించిన స్కాలా (2004) భాషలో దీనికి యాజ్‌ఇన్‌స్టన్స్‌ఆఫ్ ఉంది. వాడకపోవడమే మేలు.

సికింద్రాబాద్–మన్మాడ్ మార్గంలోని బొల్లారం స్టేషన్ మీదుగా వెళ్లే రైళ్లను నమోదు చేసే ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. రైలు సీల్డ్ ట్రెయిట్, అంటే దాని రకాలన్నీ కంపైలర్‌కు ముందే తెలుసు. ప్యాసింజర్, గూడ్స్ దాని కేస్ క్లాసులు. ప్రతి రైలునూ ప్యాసింజర్‌గా కాస్ట్ చేసి సీట్లెన్నని అడిగితే, మొదటి గూడ్స్ బండి రాగానే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది. ప్యాటర్న్ మ్యాచింగ్ వాడితే ఏ బండి దారి దానిదే. గూడ్స్‌ను మరిచిపోతే కంపైలరే హెచ్చరిస్తుంది. రైళ్ల లిస్టులోంచి ప్యాసింజర్లు మాత్రమే కావాలంటే కలెక్ట్ మెథడ్ చాలు.

అసలు చిక్కు జెనెరిక్స్ దగ్గర. స్కాలా నడిచే జేవీఎం (జావా వర్చువల్ మెషీన్) మీద టైప్ పారామీటర్లు కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి. అందుకే స్ట్రింగుల లిస్టును పూర్ణాంకాల లిస్టుగా కాస్ట్ చేసినా అప్పటికప్పుడు అభ్యంతరం రాదు. అందులోంచి ఒకదాన్ని తీసి పూర్ణాంకంగా వాడబోయినప్పుడు, ఎక్కడో వేరే ఫైల్లో, దెబ్బ తగులుతుంది. రకం వివరాన్ని ప్రోగ్రాం నడిచేటప్పటికీ నిలిపి ఉంచే క్లాస్‌ట్యాగ్ కొంతవరకే ఆదుకుంటుంది: విలువ లిస్టా కాదా అని చెప్పగలదు, దేని లిస్టో చెప్పలేదు. 2021లో వచ్చిన స్కాలా 3లో, ప్యాటర్న్ మ్యాచింగ్‌లో రకాన్ని పరీక్షించడానికి క్లాస్‌ట్యాగ్‌కు బదులుగా టైప్‌టెస్ట్ చేరింది. టైప్ క్లాసులతో రాస్తే చాలాచోట్ల కాస్టింగ్ ప్రసక్తే రాదు. ఏ రకానికి ఏ అమలు తగినదో కంపైలరే వెతికి అందిస్తుంది.