పల్స్ ఆక్సీమీటరు

పల్స్ ఆక్సీమీటరు అనేది రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని, నాడి వేగాన్ని సూది గుచ్చకుండా తెలిపే వైద్య పరికరం. దీనిని సాధారణంగా చేతివేలికి తొడుగుతారు. ఆసుపత్రులలోనే కాక, ఇంటివద్ద ఉన్న రోగుల పరిస్థితిని వైద్యులు దూరం నుండి గమనించడానికి కూడా ఇది ఉపయోగపడుతున్నది. కొన్ని చేతిగడియారాలలో, ఉంగరాలలో సైతం ఇదే సూత్రంపై పనిచేసే సెన్సర్లు ఉన్నాయి.

చరిత్ర

జపానుకు చెందిన ఇంజనీరు తకువో అయోయాగి నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేస్తూ ఈ సూత్రాన్ని కనుగొన్నాడు. గుండె నుండి వెలువడే రక్త పరిమాణాన్ని రంగుద్రవం సాయంతో కొలిచేటప్పుడు నాడి స్పందన వలన కొలతలకు ఆటంకం కలిగేది. ఆ స్పందననే ఆధారంగా చేసుకొని ప్రాణవాయువును కొలవవచ్చునని ఆయన గ్రహించాడు. 1974లో ఈ ఆవిష్కరణ వెలుగులోకి వచ్చింది. 1980వ దశకంలో ఈ పరికరం శస్త్రచికిత్స గదులలో వ్యాపించింది. అయోయాగి 2020లో మరణించాడు.

పనిచేసే విధానం

ప్రాణవాయువుతో కూడిన హీమోగ్లోబిన్ పరారుణ కాంతిని ఎక్కువగాను, ఎర్రని కాంతిని తక్కువగాను పీల్చుకుంటుంది. ప్రాణవాయువు లేని హీమోగ్లోబిన్ ఎర్రని కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. పరికరం సుమారు 660, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల రెండు కాంతులను వేలిగుండా పంపి, అవతలికి చేరిన కాంతిని కొలుస్తుంది. చర్మం, ఎముక పీల్చుకునే కాంతి దాదాపు స్థిరంగా ఉంటుంది. ధమనులలోని రక్తం పీల్చుకునే కాంతి మాత్రం గుండె కొట్టుకున్నప్పుడల్లా మారుతుంది. ఈ మార్పుల నిష్పత్తి నుండి ప్రాణవాయువు శాతం లెక్కించబడుతుంది. అనగా ఇది రక్తాన్ని నేరుగా పరీక్షించి చెప్పే అంకె కాదు, కాంతినిబట్టి వేసే అంచనా.

ఉపయోగాలు

ఆరోగ్యవంతులలో ఈ అంకె సాధారణంగా 95 నుండి 100 వరకు ఉంటుంది. 2020-21లో కోవిడ్-19 సోకిన కొందరిలో ఆయాసం లేకుండానే ప్రాణవాయువు పడిపోయేది. అందువలన ఇంటివద్ద ఉన్న రోగులు దీనితో తరచు పరీక్షించుకొని, అంకె తగ్గితే వైద్యులను సంప్రదించేవారు.

పరిమితులు

వేళ్ళు చల్లబడినా, కదిలినా, గోళ్ళరంగు ఉన్నా అంకె తప్పుగా రావచ్చు. కార్బన్ మోనాక్సైడు పీల్చినవారిలో ప్రమాదం ఉన్నా అంకె మామూలుగానే కనిపిస్తుంది.

చర్మపు రంగు మరొక ముఖ్య సమస్య. 2020లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పరికరం 92-96 శాతం చూపిన సందర్భాలను ధమని రక్త పరీక్షతో పోల్చారు. అసలు విలువ 88 కంటే తక్కువని తేలిన కొలతలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, శ్వేతజాతి రోగులలో 3.6 శాతం. ఇటువంటి పొరపాటు వలన అవసరమైన చికిత్స ఆలస్యం కావచ్చు. 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, వివిధ చర్మపు రంగులవారిపై ఈ పరికరాలను పరీక్షించాలని ముసాయిదా సూచనలు వెలువరించింది. కావున ఆయాసం, మగత, పెదవులు నీలంగా మారడం వంటి లక్షణాలున్నపుడు, అంకె బాగున్నప్పటికీ వైద్యులను సంప్రదించడం అవసరం.