క్లస్టర్ నిర్వహణ అనుబంధ ఉపకరణాలు

కంప్యూటర్ క్లస్టర్‌ను చూసుకునేవారు ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, పనుల వరుసను నడిపే షెడ్యూలర్‌కూ తోడుగా విడిగా చేర్చుకునే సాఫ్ట్‌వేర్లను ఈ పేరుతో పిలుస్తారు. ఒకే ఆదేశాన్ని అన్ని నోడ్‌లకూ పంపేవి, నోడ్‌ల స్థితిని గమనించి చూపేవి, కొత్త నోడ్‌లో సిస్టమ్ ఎక్కించేవి, దూరం నుంచి యంత్రాన్ని ఆపి మళ్లీ వేసేవి ఈ కోవలోకి వస్తాయి. వీటిలో ఎక్కువ భాగం అమ్మకం కోసం పుట్టినవి కావు. జాతీయ ప్రయోగశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో క్లస్టర్ బాధ్యత మోసినవారే తమ అవసరానికి రాసుకుని, తర్వాత అందరికీ ఇచ్చినవి. స్లర్మ్, పీబీఎస్ వంటి షెడ్యూలర్లను కూడా కొందరు ఈ పట్టికలో కలుపుతారు. అవి లేకుండా క్లస్టర్‌లో పనే సాగదు కనుక వాటిని మూలభాగంగా లెక్కించడమే సబబు. ఇక్కడ వాటి ప్రస్తావన అవసరమైన మేరకే ఉంటుంది.

నేపథ్యం

మామూలు పీసీ భాగాలతో లినక్స్ క్లస్టర్ కట్టే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ రూపొందించిన బేవుల్ఫ్. దాని ఆరంభాన్ని కొందరు 1993గా, ఎక్కువమంది 1994గా రాస్తారు. ఆలోచన 1993 చివరిది. 16 ప్రాసెసర్ల యంత్రం పనిలోకి వచ్చింది 1994లో. యంత్రం తేదీని పట్టుకోవడమే మేలు. పదహారు నోడ్‌లైతే ఒక్కొక్కదానిలో లాగిన్ అయి చూసుకోవచ్చు, లేదా షెల్‌లో చిన్న లూప్ రాసి వరుసగా ఆదేశం పంపవచ్చు. నోడ్‌లు వందలకు చేరేసరికి ఆ దారి మూసుకుపోయింది. వరుసలో ఒక్క నోడ్ జవాబివ్వకపోయినా వెనకున్నవన్నీ దానికోసం ఆగాలి. ఏ నోడ్‌కు ఆదేశం అందింది, ఏది వదిలేసింది అన్నది తేల్చుకోవడం ఇంకా కష్టం.

ఆదేశాలను ఒకేసారి పంపేవి

ఈ వర్గంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది పీడీఎస్‌హెచ్. ఐబీఎం ఎస్‌పీ యంత్రాలతో వచ్చిన డీఎస్‌హెచ్ ఆదేశాన్ని, అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో ఆస్కీ బ్లూ పసిఫిక్ అనే యంత్రం కోసం జిమ్ గార్లిక్ కొత్తగా రాసినప్పుడు ఇది పుట్టింది. తర్వాత ఆ ప్రయోగశాల లినక్స్ క్లస్టర్లకు చేరింది. డీఎస్‌హెచ్ పేరుతో వేరే ఉపకరణాలు కూడా ఉండటం వల్ల వీటి చరిత్రలను కలిపేసి చెప్పేవారున్నారు. పీడీఎస్‌హెచ్ విషయంలో దాని మాన్యువల్ పేజీలో ఉన్న కథనమే నమ్మదగినది.

ఇది మామూలుగా ఒకేసారి 32 నోడ్‌లతో మాట్లాడుతుంది. వాటిలో ఒకటి పని ముగించగానే వరుసలోని మరొకదాన్ని అందుకుంటుంది. మొండికేసిన నోడ్ ఆ 32లో ఒక చోటును మాత్రమే ఆక్రమిస్తుంది, మిగతా పని సాగిపోతుంది. నోడ్‌ల పేర్లను ఒక్కొక్కటిగా రాయనక్కర్లేకుండా, నోడ్[1-64] అన్నట్టు చతురస్ర బ్రాకెట్లలో అంకెల హద్దులు ఇస్తే చాలు. ఈ రాత పద్ధతి నిర్వాహకులకు ఎంత అలవాటైందంటే, అదే ప్రయోగశాలలో 2002లో మొదలైన స్లర్మ్‌లోనూ నోడ్‌ల జాబితాలు ఇలాగే కనిపిస్తాయి.

పీడీఎస్‌హెచ్‌తో పాటు వచ్చే డీఎస్‌హెచ్‌బ్యాక్ చిన్న ప్రోగ్రామే అయినా, పరిచయ వ్యాసాలు దానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వవు. వెయ్యి నోడ్‌లలో కెర్నల్ వెర్షన్ అడిగితే వెయ్యి వరుసల జవాబు వస్తుంది. దాన్ని కంటితో చదవడం ఎవరి తరమూ కాదు. డీఎస్‌హెచ్‌బ్యాక్ ఒకేలా ఉన్న జవాబులన్నిటినీ ఒక ముద్దగా చేసి, పైన ఆ నోడ్‌ల పేర్లు వేస్తుంది. 998 నోడ్‌లు ఒక గుంపుగా, తేడాగా ఉన్న రెండు విడిగా తేలతాయి. నిర్వాహకుడు వెతికేది ఆ రెండింటినే. క్లస్టర్ నిర్వహణలో అసలు ప్రశ్న ‘అన్నీ ఒకేలా ఉన్నాయా’ అన్నదే కనుక, ఆదేశం పంపే వేగం కన్నా ఈ పోలిక చూపడమే విలువైన సేవ.

ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏలో మొదలైన క్లస్టర్‌షెల్ ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్లింది. పైథాన్‌లో రాసిన ఈ ఉపకరణంలో నోడ్‌ల గుంపులకు పేర్లు పెట్టుకుని, ఒక గుంపులోంచి మరొకదాన్ని తీసివేయడం, కలపడం సులువు. పెద్ద క్లస్టర్లలో ఆదేశం మధ్యలోని గేట్‌వే నోడ్‌ల ద్వారా కొమ్మలుగా విడిపోయి కిందికి చేరే ఏర్పాటు కూడా ఉంది. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల నుంచి వచ్చిన సీ3 ఒక కాలంలో బాగా వాడుకలో ఉండేది. అందులో సీపుష్ ఒక ఫైలును అన్ని నోడ్‌లకూ చేరవేస్తుంది, సీగెట్ వాటి నుంచి తెస్తుంది, సీఎక్జెక్ ఆదేశం నడుపుతుంది.

గాంగ్లియా

పర్యవేక్షణ ఉపకరణాల్లో గాంగ్లియా నిర్మాణం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలోని మిలీనియం ప్రాజెక్టులో మ్యాట్ మాసీ దీన్ని మొదలుపెట్టాడు. రూపకల్పనను వివరించే పరిశోధన పత్రం మాసీ, బ్రెంట్ చున్, డేవిడ్ కల్లర్ పేర్లతో 2004లో వెలువడింది.

ప్రతి నోడ్‌లో జీమాండ్ అనే ప్రోగ్రామ్ నడుస్తుంది. అది తన నోడ్‌లోని ప్రాసెసర్ భారం, మెమరీ, నెట్‌వర్క్ వివరాలను మల్టీకాస్ట్ పద్ధతిలో ప్రకటిస్తుంది, తోటి నోడ్‌ల ప్రకటనలనూ వింటుంది. అందువల్ల ఏ ఒక్క జీమాండ్‌ను అడిగినా క్లస్టర్ మొత్తం స్థితి తెలుస్తుంది. ఒక నోడ్ పడిపోతే మరొకదాన్ని అడగవచ్చు. విలువ చెప్పుకోదగ్గంతగా మారినప్పుడో, నిర్ణీత గడువు దాటినప్పుడో మాత్రమే ప్రకటన వెళ్తుంది కనుక నెట్‌వర్క్ మీద భారం తక్కువ. జీమెటాడీ అనే మరో ప్రోగ్రామ్ ఆ సమాచారాన్ని సేకరించి ఆర్‌ఆర్‌డీటూల్ ఫైళ్లలో దాస్తుంది. ఆ ఫైళ్లు ఎంతకాలమైనా పెరగవు. పాత కొలతలు సగటులుగా కుదించుకుపోతాయి. నెల కిందటి ఒక నిమిషంలో ఏం జరిగిందో తెలుసుకోవాలనుకున్నవారికి ఇది లోటే.

మల్టీకాస్ట్ చెల్లని చోట్ల యూనికాస్ట్‌తోనూ నడపవచ్చు. శాస్త్ర పరిశోధన క్లస్టర్లకే పరిమితం కాకుండా వికీమీడియా సర్వర్లను కూడా గాంగ్లియా చాలా ఏళ్లు కనిపెట్టుకుని ఉంది. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన ప్రొమీథియస్ వ్యాపించాక కొత్త క్లస్టర్లలో గాంగ్లియా వాడకం తగ్గింది.

సిస్టమ్‌ను ఎక్కించేవి

నోడ్‌లలో సిస్టమ్ ఎక్కించే రాక్స్, ఆస్కార్‌లలో ఏది ముందు అన్న వాదన ఉంది. ఆస్కార్ వెనకున్న బృందం 2000లోనే సమావేశమైంది, కానీ తొలి విడుదల 2001లో వచ్చింది. శాన్ డియాగో సూపర్‌కంప్యూటర్ కేంద్రం వారి రాక్స్ 2000లోనే విడుదలైంది. విడుదలను ప్రమాణంగా తీసుకుంటే రాక్స్‌దే ముందు. ఆస్కార్ ఒక నమూనా నోడ్ ప్రతిరూపాన్ని మిగతావాటికి పంచుతుంది. రాక్స్ దారి వేరు: ఒక నోడ్ ఆకృతిపై అనుమానం వస్తే సరిదిద్దుతూ కూర్చోకుండా మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటుంది. చేతి దిద్దుబాట్లతో నోడ్‌లు ఒకదానికొకటి దూరమవకుండా ఉండటానికి ఇదే గట్టి మార్గమనిపిస్తుంది.

గ్రెగరీ కర్ట్జర్ లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఉండగా మొదలుపెట్టిన వేర్‌వుల్ఫ్‌లో నోడ్ డిస్కు లేకుండానే నెట్‌వర్క్ నుంచి సిస్టమ్‌ను మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఐబీఎంలో ఈగన్ ఫోర్డ్ రాసిన ఎక్స్‌క్యాట్‌కు 1999, 2007 అని రెండు తేదీలు కనిపిస్తాయి. మొదటిది రాసిన ఏడాది, రెండోది ఓపెన్ సోర్స్‌గా వెలువడిన ఏడాది.

ఇతరాలు

కరెంటును అదుపు చేసే పవర్‌మ్యాన్, సీరియల్ కన్సోళ్లను చూసే కాన్‌మ్యాన్ కూడా లివర్‌మోర్ నుంచే వచ్చాయి. నోడ్ హెల్త్ చెక్ చెడిన నోడ్‌ను గుర్తించి, దానికి కొత్త పనులు వెళ్లకుండా షెడ్యూలర్‌తో పక్కన పెట్టిస్తుంది. ఇలాంటివాటిని ఒక చోట కూర్చి, ఒకదానితో ఒకటి పొసగేలా పరీక్షించి అందించే ఓపెన్‌హెచ్‌పీసీ లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో 2015లో మొదలైంది.

భారత్‌లో

జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద సీడాక్ నెలకొల్పిన పరమ్ యంత్రాల్లో ఈ ఉపకరణాల కలయిక స్పష్టంగా కనిపిస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని 838 టెరాఫ్లాప్స్ పరమ్ సేవ ఈ శ్రేణిలోదే. ఈ శ్రేణి యంత్రాల వినియోగదారుల మార్గదర్శకాల్లో సిస్టమ్ ఎక్కించడానికి ఎక్స్‌క్యాట్, పనుల వరుసకు స్లర్మ్, పర్యవేక్షణకు గాంగ్లియా, నాగియోస్‌ల పేర్లు ఉంటాయి. వాటి సరసనే సీడాక్ సొంతంగా తయారు చేసుకున్న సీ-చక్షు కూడా ఉంటుంది.