పెళ్లి కోసం బార్డర్ దాటారు: యానాం కథ

ఇబ్రహీంపట్నం నుంచి మీ అన్న. పోయిన వారం ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, మా ఫ్రెండ్‌కి 17. ఇంట్లో పెళ్లి చేసేస్తే ఇక అంతేనా?" అని. దీనికి ఆన్సర్ యానాం నుంచి మొదలుపెడతా.

కాకినాడ దగ్గరుండే యానాంకి ఒకప్పుడు కల్యాణపురం అని ఇంకో పేరు. బీచ్ వెడ్డింగుల వల్ల కాదు. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. శారద అంటే ఎవరో అమ్మాయి అని నేను బీటెక్ అయ్యేదాకా అనుకున్నా. కాదు, బిల్లు పెట్టిన హర్‌బిలాస్ శారదా పేరు అది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం.

మరి మనోళ్లు ఏం చేశారు? యానాం అప్పుడు ఫ్రెంచోళ్ల చేతిలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, తాళి కట్టించి వచ్చేవాళ్లు. ఫ్రెంచ్ అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. బ్లాక్ చేసిన సైట్‌ని వీపీఎన్ పెట్టుకుని ఓపెన్ చేసినట్టు అన్నమాట.

మన ఇబ్రహీంపట్నం వాళ్లకి ఆ తిప్పలు కూడా లేవు. ఇది నిజాం రాజ్యం, బ్రిటిష్ ఇండియా చట్టం ఇక్కడ నడవదు. మా నానమ్మ వాళ్లమ్మకి పెళ్లయ్యేనాటికి పన్నెండేళ్లు కూడా లేవంట.

అయితే అసలు బగ్ చట్టం లోపలే ఉంది. పెద్దోళ్లకి నెల వరకు జైలు, 1000 రూపాయల వరకు జరిమానా. పెళ్లి మాత్రం చెల్లుతుంది! వాళ్లు ఫైన్ కట్టి ఇంటికి పోతారు, పిల్ల అత్తారింటికి పోతుంది. తర్వాత అమ్మాయి వయసు 1949లో 15, 1978లో 18 అయింది, అబ్బాయికి 21. నంబర్ మారింది గానీ ఆ చట్టంలో ఈ బగ్ అలాగే ఉంది.

2006లో కొత్త చట్టం వచ్చింది, 2007 నవంబర్ 1 నుంచి అమలు. దీంట్లో నాకు శిక్షల కన్నా మూడో సెక్షనే ముఖ్యం అనిపిస్తుంది. చిన్నప్పుడు పెళ్లయినవాళ్లే జిల్లా కోర్టుకి పోయి ఆ పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. కానీ డెడ్‌లైన్ ఉంది: మేజర్ అయ్యాక రెండేళ్ల లోపు, అంటే అమ్మాయికి 20 నిండేలోపు. అప్పటికే బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ చట్టబద్ధ సంతానమే.

కాబట్టి చెల్లీ, "ఇక అంతే" కాదు. పెళ్లి ఇంకా కాలేదంటే ఇప్పుడే 1098కి ఫోన్ చెయ్యి, ఫ్రీ నంబర్. మేజిస్ట్రేట్ పెళ్లి ఆపమని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆ ఆర్డర్ ఉండగా తాళి కట్టినా, ఆ పెళ్లి చెల్లదు.