ఈవీఎం పుట్టిల్లు హైదరాబాద్

భారత ఎన్నికలలో బ్యాలెట్ పత్రం స్థానాన్ని ఆక్రమించిన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రానికి (ఈవీఎం) హైదరాబాద్‌తో విడదీయరాని అనుబంధం ఉంది. నగరంలోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) దీని తొలి నమూనాను రూపొందించింది. 1977లో ఆలోచన మొలకెత్తగా, దేశమంతటా యంత్రాలతో లోక్‌సభ ఎన్నికలు జరగడానికి 2004 వరకు ఆగవలసి వచ్చింది. ఈ 27 ఏళ్ల జాప్యానికి సాంకేతికత కన్నా చట్టం, ఓటరు విశ్వాసం అనే రెండు ప్రశ్నలే ప్రధాన కారణం.

తొలి అడుగు

ఎన్నికల సంఘం సూచన మేరకు ఈసీఐఎల్ 1979లో నమూనాను సిద్ధం చేసింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ఎదుట దానిని ప్రదర్శించారు. అనంతరం తయారీలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ కూడా పాలుపంచుకుంది. 1982 మే 19న కేరళలోని పరవూర్ శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో యంత్రాలను తొలిసారి వినియోగించారు.

అక్కడ సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్ల ఆధిక్యంతో గెలుపొందారు. పరాజితుడైన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. చట్టంలో స్పష్టమైన నిబంధన లేనిదే యంత్రాలతో పోలింగ్ జరపరాదని సుప్రీంకోర్టు 1984 మార్చి 5న తీర్పు చెప్పింది. ఆ 50 కేంద్రాలలో బ్యాలెట్ పత్రాలతో రీపోలింగ్ జరగగా, జోస్ విజయం సాధించారు.

చట్టబద్ధత

1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 61ఎ సెక్షన్‌ను చేర్చింది. ఇది 1989 మార్చి 15 నుంచి అమలులోకి వచ్చింది. 1990లో దినేశ్ గోస్వామి అధ్యక్షతన ఏర్పడిన ఎన్నికల సంస్కరణల సంఘం యంత్రాలను నిపుణుల చేత పరిశీలింపజేసింది. వారు వీటి వినియోగానికి సమ్మతి తెలిపారు. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాలలో వీటిని వాడారు. 2004లో మొత్తం 543 లోక్‌సభ స్థానాలకూ యంత్రాలతోనే పోలింగ్ జరిగింది. అదే సమయంలో శాసనసభకు కూడా ఎన్నికలు జరిగిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు రెండు ఓట్లనూ మీట నొక్కియే వేశారు.

పనిచేసే తీరు

యంత్రంలో రెండు భాగాలుంటాయి. కంట్రోల్ యూనిట్ పోలింగ్ సిబ్బంది వద్ద, బ్యాలెట్ యూనిట్ ఓటరు వెళ్లే మరుగు గదిలో ఉంటాయి. రెండింటినీ ఐదు మీటర్ల తీగ కలుపుతుంది. సిబ్బంది అనుమతి మీట నొక్కిన తరువాతే ఓటరు నీలి మీట పనిచేస్తుంది. ఒక ఓటు పడగానే యంత్రం మూసుకుపోతుంది. మరల అనుమతి ఇచ్చేదాకా తెరుచుకోదు. పోలింగ్ ముగిశాక ‘క్లోజ్’ మీట నొక్కితే ఇక ఓటు నమోదు కాదు. బ్యాటరీతో నడుస్తుంది కనుక విద్యుత్తు లేని పల్లెలోనూ ఇబ్బంది లేదు. ముద్ర తప్పుగా పడి ఓటు చెల్లకపోయే బెడద తొలగింది. కట్టలకొద్దీ బ్యాలెట్ పత్రాలపై క్షణాలలో ముద్రలు గుద్దే అవకాశమూ పోయింది.

నిజామాబాద్ పరీక్ష

ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లకే చోటు ఉంటుంది. పాత యంత్రాలకు నాలుగు యూనిట్లు, అంటే 64 పేర్లే పరిమితి. 2010 జులైలో తెలంగాణలో జరిగిన ఉప ఎన్నికలలో కొన్నిచోట్ల అభ్యర్థుల సంఖ్య ఈ హద్దు దాటడంతో బ్యాలెట్ పత్రాలే ముద్రించవలసి వచ్చింది. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది బరిలో నిలిచారు. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేయడమే ఇందుకు కారణం. కొత్త తరం ఎం3 యంత్రాలకు 24 యూనిట్ల దాకా జోడించే వీలుండటంతో, కేంద్రానికి 12 యూనిట్లు అమర్చి పోలింగ్ నిర్వహించారు.

సందేహాలు, సమాధానాలు

2010లో హైదరాబాద్‌కు చెందిన సాంకేతిక నిపుణుడు హరిప్రసాద్, విదేశీ పరిశోధకులతో కలిసి యంత్రాన్ని ఏమార్చవచ్చని ప్రదర్శించారు. ఆ యంత్రం ఎక్కడిదన్న కేసులో అదే ఏడాది ఆగస్టులో ఆయన అరెస్టయ్యారు. తగిన భద్రత నడుమ ఏమార్చడం అసాధ్యమని ఎన్నికల సంఘం వాదించింది. తాను వేసిన ఓటును కంటితో చూసుకోలేని పద్ధతిలో పారదర్శకత ఎలాగన్నది మాత్రం మిగిలిన ప్రశ్న. సామాన్యుడు తనిఖీ చేయలేని యంత్రాల వాడకం రాజ్యాంగ విరుద్ధమని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో తీర్పు ఇచ్చింది.

భారత్‌లో దీనికి లభించిన సమాధానం వీవీప్యాట్. ఓటు వేయగానే అభ్యర్థి పేరు, గుర్తు ఉన్న చీటీ అద్దం వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో దీనిని మొదట వాడారు. 2019 నుంచి అన్ని కేంద్రాలలోనూ ఉంది. ప్రతి శాసనసభ పరిధిలో ఐదు కేంద్రాల చీటీలను లెక్కించి సరిపోల్చాలని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఆదేశించింది. చీటీలన్నింటినీ లెక్కించాలన్న వినతిని, బ్యాలెట్ పత్రాలకు మరలాలన్న వాదనను 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. అయితే రెండు, మూడు స్థానాలలో నిలిచిన అభ్యర్థులు ఫలితాలు వెలువడిన ఏడు రోజులలో కోరితే, 5 శాతం యంత్రాలను పరీక్షించే వీలు కల్పించింది.

చీటీలో వేరే పేరు కనిపిస్తే ఓటరు ప్రిసైడింగ్ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు ఏజెంట్ల సమక్షంలో పరీక్ష ఓటు వేయిస్తారు. ఆరోపణ నిజమైతే ఆ యంత్రంలో పోలింగ్ నిలిపివేస్తారు. అబద్ధమైతే ఫిర్యాదు చేసిన వారు శిక్షార్హులు.

స్థానిక సంస్థల ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వాటిలో ఈవీఎం వాడకం తప్పనిసరి కాదు. 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతోనే జరిగాయి. ఈవీఎంకు పుట్టినిల్లయిన నగరంలోనే ఓటర్లు నాడు మళ్లీ ముద్ర చేతపట్టారు.