బరి వెలుపలి ఆటగాండ్రు



చెడుగుడు పోటీ జరుగునపుడు బరిలోని యేడుగురిని ఊరంతయు చూచును. గీత కావల తువాలు భుజమున వేసికొని కూర్చుండిన నలుగురైదుగురిని చూచువారు తక్కువ. పోటీ ముగిసిన పిమ్మట దండలన్నియు బరిలోనివారి మెడలకే పోవును. నేటి నా ప్రసంగము ఆ గీత కావలివారిని గూర్చినది. వారి స్థానము ఆటలలో నెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, వారిని మరచిన జట్టు లేమైనవి అను సంగతులను నాకు తెలిసినంతవరకు విన్నవింతును.

గ్రంథములలో ఆదవాని యని వ్రాయబడిన మన ఆదోని ప్రత్తికి పేరుపడినది. ఎమ్మిగనూరు మగ్గమునకు పేరుపడినది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించినది మొదలు ఆ యూరి దుప్పట్లు దూరదేశములకు బోయినవి. దుప్పటి కొన్నవాడు నేసినవానిని తలచునేమో గాని, కండెలు చుట్టినవారిని, ఆసు పోసినవారిని, అచ్చు లతికినవారిని తలపడు. అయినను ఈ పోలిక పూర్తిగా కుదరదు. కండె చుట్టువాడు ఎల్లప్పుడును పనిలోనే యుండును. వాడు కూర్చుండి ఎదురుచూచువాడు కాడు. మనకు తగిన పోలిక కపిలబావి యొద్ద దొరకును. లోతుబావులలో కపిల తోలిన దినములలో కలిగిన రైతు రెండు జతల యెద్దులను పెట్టుకొనుచుండెను. ఒక జత బారి దిగుచు నెక్కుచు నీరు తోడుచుండ, రెండవ జత చింతచెట్టు నీడను నెమరువేయుచుండెను. ప్రొద్దెక్కిన కొలది జత మార్చుచుండిరి. నీడనున్న జతను జూచి ‘ఇవి దండుగమేత మేయుచున్నవి’ అని యే రైతును అనలేదు. ఎద్దుల విషయమున నున్న ఈ తెలివి మన పిల్లల విషయమున ఎందుకు లేకపోయెనో తెలియరాకున్నది.

భారతకథ నెరిగిన పెద్దలు కర్ణుని జ్ఞాపకము చేయవచ్చును. భీష్ముడు సేనానాయకుడుగా నున్న పదిదినములును కర్ణుడు యుద్ధమునకు దిగలేదు. కాని అది పంతము. మన కుఱ్ఱవారిది పంతము గాదు, వంతు.

ఇక చెడుగుడు సంగతి. దీనిని దేశమంతట నేడు కబడ్డీ యనుచున్నారు. పూర్వము దీనికి ఊరికొక కట్టడి యుండెను. తరువాతివారు వానిని మూడు తెఱగులుగా విభజించిరి. గామినీ యను పద్ధతిలో ఔటైనవాడు తనవారందఱును ఔటగువరకు వెలుపలనే యుండవలెను. అమర్ అను పద్ధతిలో ఔటైనను బరి విడువ నక్కరలేదు. ఎదుటివారికి లెక్క మాత్రము పెరుగును. సంజీవని యను పద్ధతిలో ఎదుటివాడొకడు ఔటైనచో మనవాడొకడు బ్రతికి లోనికి వచ్చును. ఈ పేరు పెట్టిన మహానుభావు డెవరో గాని, ఆదిపర్వములోని కచుని కథ వినినవాడే యై యుండును. శుక్రాచార్యుని మృతసంజీవని లేనిచో దేవతలకు గెలుపు లేదు గదా! నేటి కబడ్డీ ఈ సంజీవని పద్ధతినే యనుసరించుచున్నది. అందొక ధర్మమున్నది: ఎవడు ముందు ఔటయ్యెనో వాడే ముందు బ్రతుకవలెను. వరుస తప్పరాదు.

1936లో బెర్లిను ఒలింపిక్సు కాలమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివా రీ యాటను అచటివారికి ప్రదర్శించిరి. 1990లో పెయిచింగు ఆసియా క్రీడలలో దీనికి పతకపు గౌరవము లభించినది. నేటి నిబంధనల ప్రకారము బరిలో ఏడుగురు, వెలుపల అయిదుగురు, వెరసి పండ్రెండుగురు. విరామసమయమున వెలుపలివానిని లోనికి తీసికొనవచ్చును. మార్చినవానిని మరల దింపవచ్చును. ఔటై కూర్చుండువాడు వేఱు, వంతుకై కూర్చుండువాడు వేఱు. చూచువారు ఈ భేదము నెఱుగక ఇరువురిని ఒకే కంట జూచి, కూర్చుండినవాడు ఓడినవాడే యని తలతురు.

ఈ సౌకర్యము అన్ని ఆటలకును తొలినుండి లేదు. పుట్బాలు ప్రపంచకప్పులో పోటీ నడుమ మనిషిని మార్చుట 1970లో గాని అంగీకరింపబడలేదు. అంతకు ముందు కాలు విఱిగినవాడు కుంటుచు ఆడవలెను, లేదా జట్టు పదిమందితో నిలువవలెను. అట్టి దినములలో మన హైదరాబాదున సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను నొక బడిపంతులు భారతజట్టునకు శిక్షకుడాయెను. వృత్తిసోదరుడగుటచే ఆయన పేరు చెప్పునపుడు నాకు కొంత గర్వము కలుగుటను పెద్దలు మన్నింతురు గాక. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన జట్టును గొనిపోయెను. గోలు కాచు పీటర్ తంగరాజ్ జ్వరపడగా, వెలుపలనున్న ప్రద్యుత్ బర్మన్ ఆ చోట నిలిచెను. రక్షణవరుసలోని జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీమ్ అతనిని ముందువరుసకు మార్చి, రక్షణను ఇతరుల కప్పగించెను. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోటీలో మనవారు దక్షిణ కొరియాను 2-1 తో గెలిచిరి. ఆ రెండు గోళ్ళలో నొకటి తలకు కట్టుతో ఆడిన జర్నయిల్ సింగుది. పోటీ నడుమ మనిషిని మార్చు వీలు లేని కాలమున, పోటీకిని పోటీకిని నడుమ మార్చుటకు తగినవారిని సిద్ధముగా నుంచుకొనుటయే రహీమ్ గారి నేర్పు. మఱుసటి సంవత్సరమే, 1963లో, ఆయన కాలధర్మము చెందెను.

వెలుపలివాని చరిత్ర మిక్కిలి స్పష్టముగా కనబడునది బాస్కెట్ బాలు ఆటలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగుఫీల్డున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పీచు పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీకి కొట్టి దీనిని ప్రారంభించెను. తొలియాటలో ప్రక్కకు తొమ్మిదిమంది; పిమ్మట అయిదుగురుగా స్థిరపడెను. 1920లో మద్రాసున హారీ క్రో బక్ అను నాతడు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. మద్రాసు రాజధానిలోని బడులకు డ్రిల్లు మాష్టర్లు అచటనుండి వచ్చుచుండిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదై ఆ రాజధానికే చెందియుండెను.

అమెరికాలో మొదట ఒకసారి వెలుపలికి వచ్చిన ఆటగాడు మరల లోనికి పోరాదను కట్టడి యుండెను. తరువాత ఒకసారి పోవచ్చు ననిరి. కొంతకాలమునకు రెండుసారు లనిరి. తుదకు ఎన్నిసారులైనను పోవచ్చుననిరి. కట్టడి సడలిన కొలది వెలుపలివాని విలువ పెరిగినది. బోస్టన్ జట్టు శిక్షకుడగు రెడ్ ఆవర్బాక్ దీనిని ముందుగా గ్రహించెను. తన మేటి ఆటగాండ్రలో నొకడగు ఫ్రాంక్ రామ్సేను మొదట దింపక కూర్చుండబెట్టెడివాడు. ఎదుటివారు అలసి రొప్పుచుండు వేళ రామ్సే క్రొత్త బలముతో లోనికి పోయెడివాడు. రామ్సే తరువాత ఆ చోట జాన్ హావ్లిచెక్ కూర్చుండెను. 1959 మొదలు 1966 వరకు వరుసగా ఎనిమిది సంవత్సరములు ఆ జట్టే గెలిచెను. కూర్చుండబెట్టుట శిక్ష కాదు, అదియొక పదవి యని ఆవర్బాక్ నిరూపించెను. పిమ్మట 1983 నుండి అమెరికావారు ‘ఆరవ ఆటగాడు’ అను పేర ప్రతివర్షము నొక బహుమానమే ఇచ్చుచున్నారు.

ఇది దూరదేశపు మాట యని త్రోసివేయకుడు. మన తెలుగు జట్టు కథ యొకటున్నది. వేతనములతో ఆడు ప్రో కబడ్డీ 2014లో మొదలైనపుడు తెలుగు టైటాన్స్ అను జట్టు అందు చేరినది. ఇక పవన్ సెహ్రావత్ అను మేటి కూతగాని మూడు సంవత్సరముల చరిత్ర వినుడు. 2022లో తమిళ తలైవాస్ వారు అతనిని 2 కోట్ల 26 లక్షలకు తీసికొనిరి. తొలిపోటీలోనే మోకాలికి గాయమై అతడు ఆ యేటి ఆట కంతకును దూరమయ్యెను. ఆ జట్టు పని ముగిసినదని అందఱును తలచిరి. అంతవరకు పేరెఱుగని నరేందర్ అను యువకుడు కూత నెత్తుకొనెను. మిగిలినవారు పట్టు బిగించిరి. ఆ జట్టు మునుపెన్నడును చేరని సెమీఫైనలు చేరెను. మఱుసటి యేట మన టైటాన్స్ వారు అదే పవన్ ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. అతడు బాగుగనే యాడెను. జట్టు మాత్రము 22 పోటీలలో రెండింట మాత్రమే గెలిచి, పండ్రెండు జట్లలో పండ్రెండవదై నిలిచెను. 2024లో పవన్ గాయపడి కొన్ని పోటీలకు రాలేకపోగా విజయ్ మలిక్ మొదలగువారు భారము మోసిరి. జట్టు ఏడవ స్థానమున కెక్కెను.

దీనికంతకును వెలుపలివారే కారణమని నేను వాదింపను. ఓటమికి కారణములు పెక్కు. కాని మేటివాడు లేనిచోట ఒకరు సెమీఫైనలు చేరిరి. మేటివాడున్నచోట ఒకరు అట్టడుగున నిలిచిరి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచువానికి ధనమంతయు ఒక్కని తలపై పోయుట యెంతటి సాహసమో బోధపడకపోదు.

ఇప్పుడు మన యూళ్ళ మాట. బడి జట్టును ఆదోనికో కర్నూలుకో పంపునపుడు ‘ఏడుగురు చాలరా, ఆటో కిరాయి ఎక్కువగును’ అను మాట నేను అనేక పర్యాయములు వింటిని. అట్లు ఏడుగురితోనే పోయిన ఒక జట్టులో ఒక కుఱ్ఱవాని చీలమండ బెణికెను. మార్చుటకు మనిషి లేడు. వాడు పండ్లు బిగబట్టి కడవరకు ఆడెను. పోటీ ఓడిపోవుట యటుండ, ఆ యేడు వేరుసెనగ విత్తువేళ వాడు గుంటక పట్టలేక తండ్రికి కూలి ఖర్చు తెచ్చిపెట్టెను. ఇంకొక నష్టము కంటికి కనబడనిది. ఎనిమిదవవాడుగా, తొమ్మిదవవాడుగా దినదినమును సాధనకు వచ్చు పిల్లవాడు, పోటీకి తనను తీసికొనిపోరని తెలిసిన పిమ్మట నెలదినములలో రాకుండును. వాడు రానినాడు ఏడుగురికి ఎదురుగా కూతకు పోవువాడే యుండడు. సాధన యెట్లు సాగును?

వచ్చు పండుగ పోటీలకు తమ గ్రామములలో చందాలు కూర్చు పెద్దలు దయచేసి ఆట దుస్తులు పండ్రెండు జతలు కుట్టింపుడు. ఆటోలో చోటు పండ్రెండుగురికి చూడుడు. ఇరుకైనచో ఒక పెద్దమనిషి బస్సులో పోవచ్చును. గెలిచినపుడు బడి గోడపై వ్రాయించు పట్టికలో బరి దిగినవారి పేర్ల క్రింద మిగిలిన అయిదుగురి పేర్లును అదే యక్షరములతో, అదే రంగుతో వ్రాయింపుడు.