పులి–మేక

పులి–మేక తెలుగునాట తరతరాలుగా ఆడుతున్న ఇద్దరి ఆట. దీనిని పులిజూదము అని కూడా అంటారు. తమిళనాడులో దీని పేరు ఆడు పులి ఆట్టం. నేలపై సుద్దతోగాని బొగ్గుతోగాని పటము గీసి, గింజలను, గులకరాళ్ళను పావులుగా వాడతారు. వికారాబాదు జిల్లాలోని తాండూరు నాపరాళ్ళకు ప్రసిద్ధి. ఆ బండలు పరచిన అరుగు ఈ పటమునకు చక్కగా సరిపోతుంది.

ఆడే విధానము

ఎక్కువగా వాడుకలో ఉన్న పటములో 23 కూడళ్ళు ఉంటాయి. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. ఇద్దరూ వంతులవారీగా ఆడతారు. మేకలన్నీ పటముపైకి వచ్చేవరకు ఏ మేకనూ కదపరాదు. పులి పక్కనున్న మేక మీదుగా, గీత వెంబడి, ఖాళీ కూడలికి దూకితే ఆ మేక చచ్చినట్లే. మేకలకు చంపే హక్కు లేదు; పులులన్నిటినీ కదలకుండా కట్టివేస్తే గెలుపు వాటిదే.

వ్యూహము

బలములు సమానము కాకపోవడము ఈ ఆటలోని విశేషము. వెనుక కూడలిలో తోడున్న మేకపై ఆ వరుసలో పులి దూకలేదు. కావున మేకలవారు వాటిని అంచులనుండి జంటలుగా పేర్చుకొని వస్తారు. మేకలన్నీ దిగకముందే కొన్నిటిని చంపడానికి పులులవారు చూస్తారు; చాలినన్ని మేకలు మిగలకపోతే కట్టు కుదరదు. ఒక్కొక్కప్పుడు ఒక మేకను ఎరగా విడిచి, దూకిన పులిని మూలలో బంధిస్తారు.

1991లో వెలువడిన సివిలైజేషన్ అను కంప్యూటరు ఆట కూడా వంతులవారీగానే సాగుతుంది. అందులో రాజ్యముల మధ్య రాయబారము, సంధి ఉంటాయి. పులి–మేకలో ఎదుటివారితో సంధికి తావు లేదు. మేకలకు తమలో తాము కలిసి ఉండడమే రక్షణ.