రేస్ కోర్స్ రోడ్డులో ఎర్ర లారీల కోసం...

2013 డిసెంబర్ 8. ఆదివారం రాత్రి తొమ్మిది దాటింది. సింగపూర్ లిటిల్ ఇండియా కిక్కిరిసిపోయింది. వారమంతా ఇనుమూ సిమెంటూ మోసిన కూలీలకు దొరికేది ఆ ఒక్క సాయంత్రమే. తేక్కా సందుల్లో మసాలా ఘాటు, బీరు వాసన. రేస్ కోర్స్ రోడ్డు మీద డార్మిటరీలకు వెళ్లే ప్రైవేటు బస్సు కదిలింది. తాగి ఎక్కాడని దింపేసిన ఓ తమిళ కార్మికుడు పక్కనే నడుస్తున్నాడు. చెయ్యి బస్సుకి ఆనించాడు. తూలాడు. చక్రం కిందకి జారిపోయాడు.

టైము 9:23.

అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. ఆ సంగతి గుంపుకెవరు చెప్పాలి? వాళ్ల కళ్లకి కనబడింది ఒక్కటే: కిందున్నవాణ్ని వదిలేసి, బస్సులో దాక్కున్న డ్రైవర్నీ, బస్సుల వేళలు చూసే టైమ్‌కీపర్ ఆవిణ్నీ కాపాడుతున్నారు! ఓ సీసా గాల్లోకి లేచింది.

ఇక ఆగలేదు. సీసా వెనక రాయి, రాయి వెనక చెత్తడబ్బా, అద్దాలు భళ్లున పగులుతుంటే, రక్షణ సిబ్బందీ పోలీసులూ ఆ ఇద్దరికీ అడ్డంగా నిలబడి దెబ్బలు కాచుకుంటూ అంబులెన్సు దాకా నడిపించుకెళ్లారు. కాసేపటికి పోలీసు కార్లు బోర్లాపడ్డాయి, మంటలు లేచాయి. 10:04కి కబురెళ్లింది: అల్లర్లను అణిచే స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ కావాలి, వెంటనే.

రావాలిగా!

గుంపుని చెదరగొట్టడానికి పోలీసుకి అన్నిటికంటే ముందు కావాల్సింది కనబడటం. 1760ల్లోనే లండన్‌లో గుర్రాలెక్కి గస్తీ తిరిగింది దొంగల కోసమే అయినా, తర్వాత జనం మధ్య ఆ ఎత్తే అసలు ఆయుధమైంది. గోషామహల్ అశ్వదళాన్ని బందోబస్తులో చూసిన హైదరాబాదీకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈ రేస్ కోర్స్ రోడ్డు పేరే గుర్రాలది: 1843 నుంచి 1933 దాకా పందేలు జరిగింది ఇక్కడే. సింగపూర్ మాత్రం లారీల్ని నమ్ముకుంది. 1950 మరియా హెర్టోగ్ అల్లర్లలో 18 మంది చనిపోయాక, 1952లో అల్లర్ల నిరోధక దళాలు పుట్టాయి. వాళ్ల బండ్లు ఎర్రటివి. వాటిని చూస్తేనే జనం తప్పుకునేవారు.

ఆ రాత్రి అవి ట్రాఫిక్ దాటి రావాలి. పక్కనే ఉన్న హాంప్‌షైర్ రోడ్డు దగ్గర పోలీసులు నిలబడి ఎదురుచూశారు. మంటలు పెరిగాయి.

10:37. వచ్చాయి! డాళ్లూ లాఠీలూ వరస కట్టి కదిలాయి. గుంపు సందుల్లోకి చెదిరిపోయింది. ఒక్క తూటా పేలలేదు.

గాయపడ్డ సిబ్బంది 54 మంది, పౌరులు 8 మంది. 23 వాహనాలు దెబ్బతిన్నాయి, వాటిలో 5 కాలిపోయాయి. 25 మందిపై కేసులు పెట్టారు, 57 మందిని దేశం నుంచి పంపించేశారు. మాజీ న్యాయమూర్తి జి. పన్నీర్ సెల్వం కమిటీ ప్రమాదాన్నీ, అపార్థాన్నీ, మద్యాన్నీ కారణాలుగా చూపింది. బలగాల కోసం ఎదురుచూస్తూ నిలబడిపోవడాన్నీ తప్పుపట్టింది. అది న్యాయమే. ఇక మద్యం సంగతి: 2015 ఏప్రిల్ 1 నుంచి సింగపూర్ అంతటా రాత్రి 10:30 తర్వాత బహిరంగ ప్రదేశాల్లో తాగడం నేరం.